చార్టు మీద గిజిగాడి గూడు

నిరుడు ఆగస్టులో ఖరగ్‌పూర్‌లోని మా తెలుగువాళ్ల సంఘం హాల్లో పక్షి సంరక్షణ మీద పిల్లలకు పోస్టర్ల పోటీ పెట్టారు. జడ్జిని నేను. ఎనిమిదో తరగతి జ్యోతి చార్టు మీద అచ్చమైన గిజిగాడి గూడొకటి జిగురుతో అంటించి, దారంతో కుట్టి ఉంది. దగ్గరగా చూద్దామని చార్టును బల్ల మీద పడుకోబెట్టాను. గూటి గొట్టంలోంచి తెల్లటి గుడ్డొకటి జారి, బల్ల మీద దొర్లి, నేల మీద పడి పగిలింది.

వేలు పెట్టి చూస్తే లోపల ఇంకా రెండు తగిలాయి. జ్యోతి పొద్దుటినుంచీ తల దించుకునే నిలబడి ఉంది. సిగ్గనుకున్నాను. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది.

ఇరవై ఏళ్లుగా నేను ఒక తెలుగు దినపత్రికకు ఇక్కడి స్ట్రింగర్‌ని. అంటే పత్రికలో ఉద్యోగం లేకుండానే ఊరి వార్తలు రాసి పంపేవాణ్ణి. ఈ పనికి తోకలా ఇంకో పని ఉంటుంది, ఏ పోటీ జరిగినా జడ్జిగా కూర్చోవడం. పిలిచేవాళ్లకు కావలసింది నా తీర్పు కాదు, మర్నాటి వార్త. ముగ్గులు, పులిహోర, పద్యాలు, నాకు రానివన్నీ తూచాను. పోస్టర్లయితే చేత్తో చేసినవే ఉండాలని నిబంధన. ఎవరి చేత్తో అని ఎవరూ అడగరు. ఆ రోజు వచ్చిన పదమూడు చార్టుల్లో పదకొండింటి మీద నెమలే. అందులో సగం తల్లుల పనితనం.

జ్యోతిది మాత్రం దాని సొంత చేతిపని. పెన్సిల్ బొమ్మలు, రబ్బరు రుద్దిన మరకలు, కింద వంకర అక్షరాలు. "సోమవారం. మగపిట్ట గడ్డిపోచ తెచ్చింది. గురువారం. ఆడపిట్ట చూసి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది." నెల రోజులు వసారాలో కూర్చుని చూసి రాసుకున్నదంతా అక్కడ ఉంది. సగం బొమ్మల్ని గూడు కప్పేసింది.

వాళ్ల నాన్న పేరు సింహాచలం, ఇక్కడి రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తా. ఇదెక్కడిదని అతన్ని అడిగాను.

"మా క్వార్టరు ఎనకాల ఈత సెట్టుది మేస్టారూ. పొద్దున్నే నిచ్చెనేసి నానే కోసినాను. సగం కట్టినవి ఐదారున్నాయి గానీ అందంగా లేవు. గొట్టం దిగి పూర్తయినదే ఏరినాను."

గొట్టం దిగిందంటే ఆడపిట్ట ఆ గూటికి ఒప్పుకుని కాపురం పెట్టినట్టు. అందమైనది కావాలనుకున్నాడు కాబట్టే సరిగ్గా గుడ్లున్నది కోశాడు.

"సెప్పినాను సార్," అంది జ్యోతి. "గుడ్లుంటాయి నాన్నా, ముట్టుకోకు అన్నాను. ఇన్లేదు."

"నువ్వూరుకోయే గుంటా!"

నాకు ఒళ్లు మండింది. "పక్షుల్ని కాపాడండని రాసి, గూడే కోసుకొచ్చారా?"

"ఇప్పుడు నా మీద పడతారేటి? పోయినేడు రామసిలక ఈకలంటించినోడికి ఫస్టు ఇచ్చింది మీరు కాదేటి? పిట్ట ఎగిరొచ్చి వాలినట్టుందని పేపర్లో రాసినారు కూడాను. ఆ ముక్క కత్తిరించి దాచినాను. అది సూసే కదా ఇది సేసినాను!"

రాశాను, నిజమే. ఆ ఈకలు ఎక్కడివని అడగలేదు. ఎక్కడిది, ఎవరు చెప్పారు అనేవి విలేఖరికి మొదట నేర్పే ప్రశ్నలు.

ఇంతలో సంఘం కార్యదర్శి భాస్కర్రావు వచ్చాడు. "గుడ్లు పక్కనెట్టీండి మేస్టారూ, అతిథులొచ్చేస్తన్నారు. ఫస్టు దీనికే ఇచ్చేద్దాం. ఠీక్ హై?"

"ఠీక్ కాదు," అని మార్కుల కాగితం ఆయన చేతిలో పెట్టేశాను.

మళ్లీ చెట్టుకే కట్టేద్దామని, దారాలు తెంపి చార్టు నుంచి గూడు విడదీశాం. వాళ్ల క్వార్టరున్న తాల్‌బగీచా దాకా ఆటోలో జ్యోతి దాన్ని నిటారుగా పట్టుకుని కూర్చుంది. గోతులొచ్చినప్పుడల్లా "దాదా, ఆస్తే, ఆస్తే" అని, మెల్లగా పొమ్మని డ్రైవర్ని బతిమాలింది. సింహాచలం చెట్టెక్కి అదే మట్టకు గూడు కట్టాడు.

"పడిపోదు కదా నాన్నా?"

"పార్సిలాఫీసు ముడి. పడదు," అన్నాడు. కూతురి వైపు చూడలేదు.

మొదటి బహుమతి థర్మకోల్ నెమలికి వెళ్లింది. నా తప్పుతో సహా జరిగిందంతా రాసి పంపితే, డెస్కువాళ్లు విజేతల పేర్లు ఉంచి మిగతాది కోసేశారు. ఇప్పుడు ఏ పోటీకి వెళ్లినా, ఎంత బాగుందో చూసే ముందు ఎక్కడిదని అడుగుతున్నాను. దానికి పిల్లలు జవాబు చెబుతారు, పెద్దలు విసుక్కుంటారు.

ఆడపిట్ట ఆ సాయంత్రం పక్క మట్ట మీద వాలి వెళ్లిపోవడం జ్యోతి చూసింది. తర్వాత రెండు రోజులు ఒకటే వాన. చలికాలంలో గూడు రాలితే విప్పి చూశారు. లోపల ఏమీ లేదు, పెంకు ముక్కయినా లేదు. పిల్లలై ఎగిరాయో, కాకి ఎత్తుకుపోయిందో ఎవరికీ తెలియదు.