తూకం వేసి తెచ్చిన ఆంప్లిఫయర్

మొన్న కొత్త ఆంప్లిఫయర్ పెట్టె విప్పగానే వార్నిష్ వాసన గుప్పుమంది. నాకు మాత్రం అది కాలిన వార్నిష్‌లాగే తగిలి, వేరుశెనగ బస్తాలు దూలాల దాకా పేర్చి ఉండే మా రాయచూరు ఇంటి ముందుగది కళ్లముందుకొచ్చింది.

శక్తినగర్‌లో కరెంటు తయారవడం మొదలైన కొత్తలు. అక్కడి కాలనీ నుంచి బదిలీ మీద వెళ్తున్న ఒక ఇంజనీరు దగ్గర నాయిన రెండు పెద్ద స్పీకర్లు కొన్నాడు. జొన్నరొట్టె తిని చెయ్యి కడుక్కున్నాక కూడా, వాటిని ముట్టుకునే ముందు ధోవతికి మరోసారి తుడుచుకునేవాడు. వాటి వెనక నాలుగు ఓములని రాసుంది. మా పాత ఆంప్లిఫయర్ వాటికి పనికిరాదని రేడియో మెకానిక్ మస్తాన్ మామ ఖరాఖండిగా చెప్పేశాడు. ఆయన నాయినకు చిన్ననాటి దోస్తు, ప్రతి ఆదివారం మా గడపలో కూర్చుని అల్లం చాయ్ తాగాల్సిందే.

"ఓములు తక్కువైతే కరెంట్ జాస్తి గుంజుతది శేటూ. డబ్బ మీద వాట్లు చూసి మురవకు, లోపటి ట్రాన్స్‌ఫార్మర్ బరువు చూడు," అని, బజారు నుంచి తెప్పించిన మూడు ఆంప్లిఫయర్లనూ మా బస్తాల కాంటా మీదకే ఎక్కించాడు. పెద్ద అంకె రాసుకుని తళతళలాడేది తేలిపోయింది. రంగు వెలిసిన నల్లది కాంటాను కిందికి లాగింది. అదే మాదైంది.

"ఈ రెండింటినే మోస్తది బేటీ, మూడోది తగిలియ్యకు," అని మామ నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

దీపావళినాడు పెద్దలంతా దుకాణంలో లక్ష్మీపూజకు వెళ్లారు. మిద్దె మీద టపాకాయలు ఎండబెడుతూ కర్జికాయలు తింటున్న స్నేహితురాళ్ల దగ్గర గొప్పలు పోవాలని, పాత రేడియో స్పీకరు పైకి తీసుకెళ్లి, దాని పొడవాటి తీగను కిందికి వదిలి, ఆ కొనలు కూడా ఆంప్లిఫయర్ వెనక దూర్చాను. సగం పాట బ్రహ్మాండంగా మోగింది. తర్వాత కాలిన వార్నిష్ వాసనతో పొగ. తీగ పీకి దాచేశాను.

నాయిన వచ్చి మామను పిలిపించాడు. "ఏంది మస్తానూ, గిట్ల జేసినవ్? దోస్తువని నమ్మితే పండగనాడు ఇంట్ల పొగ బెడ్తివి!"

మామ ఆంప్లిఫయర్ వెనక మరలు విప్పాడు. తెగి అక్కడే మిగిలిపోయిన నా తీగ పోగు ఒకటి ఆయన వేళ్లకు దొరికింది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. పోగును చొక్కా జేబులో వేసుకుని, "గల్తీ నాదే శేటూ," అన్నాడు.

నేను నోరు తెరవలేదు. దెబ్బల భయం కాదు, నాయిన ముందు తక్కువైపోతానని. పదేళ్ల పిల్లనే కదా అని ఇప్పటికీ సర్దిచెప్పుకోలేను. ఆ ఆదివారం నుంచి మామ చాయ్‌కి రాలేదు. బజారులో ఎదురైతే నాయినే తల తిప్పుకునేవాడు. ఇద్దరూ అలాగే కన్నుమూశారు.

ఇప్పుడా కాంటా లేదు, బస్తాల గది లేదు, మామ కొట్టున్నచోట చెప్పుల దుకాణం వెలిసింది. స్పీకర్లు మాత్రం నా దగ్గరున్నాయి. వాటికి తగినదాన్ని వెతికి, రెండు చేతులా ఎత్తి బరువు చూసే కొన్నాను.

"దీనికి ఇంకో జత కూడా తగిలించుకోవచ్చమ్మా," అన్నాడు అమ్మినతను.

ఇంటికి రాగానే వెనకనున్న ఆ రెండో జత రంధ్రాలకు నల్ల టేపు అంటించేశాను.