పెరటాసి శనివారం పట్టిన మాగ చేప

పెద్ద హోటళ్లలో ఇండియన్ సాల్మన్ అని గొప్పగా రాసే చేపను మన తీరంలో మాగ అంటారు. దాన్ని పట్టాలన్న కోరిక నాది కాదు, మా నాయనది. మా తిరుచానూరు చుట్టుపక్కల చెరువుల్లో గాలం వేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచేతి పట్టు పోయింది. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రబ్బరు బంతిని రోజూ నొక్కుతూ, “సముద్రంలో మాగను ఈ చేత్తోనే లాగి నీ ముందర పెడతా, సూడు” అని అమ్మతో పందెం కట్టాడు. అమ్మ నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. నలుగురిలో స్పూనుతో తినాల్సి వస్తుందని పెళ్లిళ్లకు పోవడమే మానేసిన మనిషి. అందుకే శ్రీ సిటీ ఫ్యాక్టరీలో నా షిఫ్టుకు శనివారం సెలవు దొరకగానే, ముందూ వెనకా చూడకుండా తూపిలిపాళెంలో పడవ మాట్లాడేశాను.

తెల్లవారకముందే కారు తీశాను. అమ్మ అప్పటికే తలస్నానం చేసి, టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చింది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట, అక్కడి నుంచి వాకాడు మీదుగా తూపిలిపాళెం. మధ్యలో టీకి ఆగినా మూడు గంటలు చాలు. శ్రీకాళహస్తి దాటాక పసుపు బట్టలు, నుదుట నామాలతో తిరుమలకు నడిచిపోయే జనం గుంపులుగా ఎదురయ్యారు. నాయన అద్దం దించి, వాళ్లతోపాటు గోవిందా అన్నాడు. అంతలోనే ముఖం మారిపోయింది.

“పాపా, ఈ పొద్దు పెరటాసి శనివారం గదమ్మా!”

కారు పక్కకు ఆపేశాను. తమిళుల లెక్కలో పెరటాసి గోవిందుడి నెల. మా తిరుపతి, చిత్తూరు వైపు ఆ నెలంతా చాలా ఇళ్లలో నీచు ముట్టరు. శనివారమైతే ఆ మాటే ఎత్తరు. మా అమ్మయితే గుడ్డు పెంకు కూడా గడప దాటనివ్వదు. షిఫ్టుల చార్టు తప్ప వేరే క్యాలెండరు చూడని నాకు ఈ శాస్తి కావలసిందే. వెనక్కి తిప్పనా అని అడిగాను. నడిచేవాళ్ల గుంపు మమ్మల్ని దాటిపోయేదాకా నాయన వాళ్లనే చూశాడు.

“తినకూడదు, ఇంటికి తీసకపోకూడదు. సరే. పట్టకూడదని యాడుండాది?” అన్నాడు చివరికి. గొంతులో మాత్రం ధీమా లేదు. ఇంటికి తీసుకుపోలేని చేపతో పందెం ఎలా గెలుస్తాడు? అద్దం పైకెత్తి తనే అన్నాడు: “పోనీ పాపా. నా చేతి సంగతి నాకన్నా తెలియాల గదా.”

పడవ పోలయ్యది. వయసులో నాయనకంటే కొంచెం చిన్న. పూటకు రెండున్నర వేలు తీసుకున్నాడు. గాలాలు, ఎరకు రొయ్యలు ఆయనే తెచ్చాడు, లైఫ్ జాకెట్లు నేను అడిగితే బయటికి తీశాడు. స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి పోనిచ్చాడు. మా ఊరి దగ్గర ఇసుక తప్ప ఏమీ చూపించని నది ఇక్కడ దర్జాగా సముద్రంలోకి నడుస్తోంది. అలలు చిన్నవి, ఎండ ఇంకా ఎక్కలేదు. మాగకు కలక నీళ్లు ఇష్టమట. కర్ర లేదు, చక్రం లేదు. ఎర గుచ్చిన తాడును చేతిలోంచి నీళ్లలోకి వదిలి కూర్చోవడమే.

చాలాసేపటికి మొదటి చేప తగిలింది. నాయన వేళ్లు మూసుకునేలోపే తాడు జారి, చేప పోయింది. ఆయన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి అన్నట్టు చూశాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

పోలయ్య గుడ్డపేలిక అందించాడు. “ఇది సుట్టుకో అన్నా, పట్టు దొరుకుద్ది.”

“వద్దప్పా. ఈ చేతికి ఇప్పుడు సగమే తెలస్తాది. గుడ్డ కూడా సుడితే ఆ సగం పోతాది.”

రెండోసారి తాడు అదిరినప్పుడు నాయన లేచి నిలబడబోయాడు. పోలయ్య భుజం నొక్కి కూర్చోబెట్టాడు. చేప తాడును లాక్కుపోతోంది, ఈయన బిగిస్తున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ బిగిస్తున్నాడు. సాయం పట్టబోయాను. “ముట్టుకోవద్దు!” అని అరిచాడు. పక్షవాతం వచ్చాక ఆయన అంత గట్టిగా అరవడం అదే మొదలు. చివరికి మోచేతికంటే పొడుగున్న మాగ, గడ్డం కింద మీసాల్లాంటి పోగులతో, పడవలో పడి కొట్టుకుంది. నాయన దాని పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఫోటో తీస్తానన్నాను. “పెరటాసి శనివారం సేపతో ఫోటోనా? మీ అమ్మ నన్నూ నీ సెల్లునూ ఇద్దరినీ బయట పెడతాది” అని చేపను పోలయ్య చేతిలో పెట్టాడు. “మీ ఇంట్లో పులుసు పెట్టించప్పా.”

“మాకు పెరటాసి పట్టింపు లేదులే అన్నా. సముద్రానికి శనివారమేంది?” అన్నాడు పోలయ్య.

ఒడ్డున చేతులు కడుక్కుని డబ్బా విప్పాం. పులిహోర, పెరుగన్నం, మాగాయ. ఉల్లిపాయ ముక్క కూడా లేదు. ఆకలి మీద ఉన్న నాకు అప్పుడు కూడా ఏమీ తట్టలేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి గేటు దగ్గర బకెట్టు నిండా పసుపు నీళ్లు పెట్టి ఉన్నాయి. అమ్మ పక్కనే నిలబడి ఉంది. నాయన కుడిచెయ్యి చాపాడు. అరచేతిలో తాడు కోసిన ఎర్రటి గీత. అమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“మాగేనా?”

“మాగే.”

“అమ్మా, ఈ పొద్దు పెరటాసి శనివారమని నీకు ముందే తెలుసునా?” అని అడిగాను.

“ఉల్లిపాయ లేకుండా డబ్బా కట్టినదాన్ని, నాకు తెలీదా? చెప్పింటే ఈయన కారెక్కుండునా?” అని, కొబ్బరినూనె తేవడానికి లోపలికి పోయింది.

ఇన్ని ప్రయాణాలు చేశాను కానీ ఉత్త చేతులతో తిరిగొచ్చి ఇంత సంతోషపడింది ఎప్పుడూ లేదు. ఆ పూట నాయన స్పూను అడగలేదు. చేత్తోనే కలుపుకున్నాడు. సగం మెతుకులు కింద రాలాయి, ఎవరమూ వాటివైపు చూడలేదు. మీరు పోయేటట్టయితే ఒక్క జాగ్రత్త: మాగ లాగేటప్పుడు తాడు చర్మాన్ని కోసేస్తుంది, అరచేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి. మీ వెంట వచ్చినవాళ్లు వద్దంటే మాత్రం బలవంతం చేయకండి.