ఓవెన్‌కి కొట్టిన టికెట్

ఆయన బస్సు కండక్టరుగా రిటైరై ఏడాది కూడా కాలేదు. యూనిఫాం మడిచి బీరువాలో పెట్టేశారు గానీ, లోపలి కండక్టరు మాత్రం దిగనని మొండికేశాడు. వీధి వీధంతా ఆయన్ని కండక్టరు మామయ్య అనే పిలుస్తుంది. నలుగురు ఒక గదిలో చేరితే చాలు, పెదవులు కదుపుతూ తలలు లెక్కపెడతారు. సోఫాలో కొడుకు కాళ్లు బార్లా చాపితే "కాస్త సర్దుకోండి" అంటారు.

అలాంటి మనిషి చేతికి ఆ నెల కరెంటు బిల్లు చిక్కింది. మామూలు కంటే బాగా ఎక్కువ.

"ఈ ఇంట్లో ఎవరో టికెట్ లేకుండా తిరుగుతున్నారు," అని కళ్లజోడు సవరించుకుని తనిఖీకి బయల్దేరారు.

లెక్క సులువే. ప్రతి వస్తువు మీదా దాని వాట్లు రాసి ఉంటాయి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. దాన్ని యూనిట్ ధరతో గుణిస్తే సరి. ఆయన టీవీ వెనకా, మిక్సీ కిందా తల దూర్చి, గంటకి ఎంతవుతుందో చిన్న చీటీల మీద రాసి, దేని టికెట్ దానికి అంటించారు. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డుకి మాత్రం అంటించలేదు. దాంతో నీళ్లు కాచుకునేది ఆయనొక్కరే. స్టాఫ్‌కి టికెట్ ఏమిటని వదిలేశారు.

దొంగ వంటింట్లో దొరికింది. కోడలి ఓవెన్, రెండు వేల వాట్లు. ఆమె అందులో కేకులు చేసి చుట్టుపక్కల వాళ్లకి అమ్ముతోంది. నా సంపాదన అని చెప్పుకోవడానికి ఆమెకి ఉన్నది అదొక్కటే.

"కేకుకి గంట, గంటకి రెండు యూనిట్లు. నువ్వు ఈ చేత్తో సంపాదించింది ఆ చేత్తో కరెంటుకి పోస్తున్నామమ్మా," అన్నారు.

కోడలి ముఖం చిన్నబోయింది. మర్నాడే ఓవెన్ అమ్మడానికి బేరం కుదుర్చుకుంది.

"శనివారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్తారట మామయ్యా. ఒప్పుకున్న కేకు ఒకటుంది, అది చేసిచ్చేస్తాను."

శనివారం ఆఖరి కేకు ఓవెన్‌లోకి వెళ్లింది. తన లెక్క నిజమని కళ్లారా చూసుకోవాలని ఆయన వరండాలో మీటరు ముందు కుర్చీ వేసుకున్నారు. మీటరు మీది ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటుంటే చెప్పలేనంత సంతోషమేసింది. కాసేపటికి ఆ దీపం ఉన్నట్టుండి నెమ్మదించింది. ఎప్పుడో ఒకసారి మినుక్కుమంటోంది. ఆయన లేచి వంటింట్లోకి వచ్చారు.

"ఆపేశావేంటమ్మా, కేకయిపోయిందా?"

"ఆపలేదు మామయ్యా. వేడెక్కాక కరెంటు తీసుకోవడం అదే మానేస్తుంది. కాస్త చల్లబడితే మళ్లీ తీసుకుంటుంది. సగం సేపు ఊరికే ఉంటుంది."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదుగా. టికెట్ కొట్టేశారు."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. సర్వీసంతా బస్సుల్లో గడిపినా, మధ్యలో దిగిపోయే మనిషికి చివరి స్టాపు దాకా టికెట్ ఎన్నడూ కొట్టలేదు ఆయన. ఆ పని సొంత కోడలికి చేశారు. సిగ్గుపడ్డారు, బాగా సిగ్గుపడ్డారు.

"మరి బిల్లెందుకు పెరిగిందమ్మా?"

కోడలు కేకు వైపే చూస్తూ, "పొద్దున్నే బకెట్లో రాడ్డు పెట్టి పేపరు చదువుతారు కదా," అంది మెల్లగా.

డ్యూటీ రోజుల్లో చన్నీళ్లు గుమ్మరించుకుని పరిగెత్తిన మనిషే. ఈ వైభోగమంతా రిటైరయ్యాక, ఈ చలికాలంలోనే మొదలైంది. పేపరు ఆఖరి పేజీకి వచ్చేసరికి నీళ్లు కుతకుతా ఉడుకుతుంటాయి, వాటిలో ఇంకో బకెట్ చన్నీళ్లు కలుపుకుంటే గానీ ఒంటి మీద పోసుకోలేరు. ఆయన ఓవెన్ మీది చీటీ పీకి, రాడ్డుకి కొత్తది రాసి కట్టారు.

అంతలో గేటు చప్పుడైంది. ఓవెన్ కొనే అతను వచ్చాడు. కోడలు చేతులు తుడుచుకునేలోపే ఆయన వెళ్లి, గుమ్మం చట్రం ఒక చేత్తో పట్టుకుని, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు అడ్డంగా నిలబడ్డారు.

"ఖాళీ లేదు బాబూ," అన్నారు పాత గొంతుతో. "వెనక ఇంకో బండి వస్తోంది, అందులో రండి."

అతను నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు.