దాలయ్య చెయ్యి

టెక్కలిలో దాలయ్య చెయ్యి ఎవరికి లేస్తే వాళ్లు ఓడిపోతారు. ఇది ఊరంతా ఒప్పుకున్న మాట. పంచాయతీ బోర్డు మీద నమ్మకం లేనివాళ్లకు కూడా దాలయ్య చెయ్యి మీద నమ్మకముండేది.

కుస్తీ పోటీల్లో గెలిచిన వస్తాదుని జనం భుజాల మీద ఊరేగిస్తుంటే, దాలయ్య ఓడినవాడి పక్కన చతికిలబడి తువ్వాలుతో విసిరేవాడు. వీధి భాగవతంలో రాక్షసుడు చచ్చి పడగానే లేచివెళ్లి ఆ శవానికే చదివింపులిచ్చేవాడు. శవం పడుకునే దండం పెట్టేది.

ఇక ఎన్నికలు. అప్పట్లో పెట్టెలూ చీటీలూ లేవు. పన్ను కట్టేవాళ్లంతా సంత పాకలో కూర్చుంటే అధికారి ఒక్కో పేరే పిలిచేవాడు, ఇష్టమైనవాళ్లు చేతులెత్తేవారు. నిలబడ్డవాళ్లు మాత్రం ఎత్తకూడదు. దాలయ్య చెయ్యి ప్రతిసారీ ఓడినవాడికే లేచేది. అందుకే ఎన్నికలొస్తే అతనింటికి అరటి గెలలు వచ్చేవి, ఓటు వేయమని కాదు, వేయొద్దని.

పంతొమ్మిది వందల ముప్పై మూడులో కొబ్బరి ధర పడిపోయింది. రంగూన్ వెళ్లినవాళ్ల నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. ఉద్దానం కొబ్బరి తోటల రైతులు ఉసూరుమంటున్న ఆ ఏడు, దాలయ్య బావమరిది కూర్మారావు బోర్డుకి రెండోసారి నిలబడ్డాడు. గెలిస్తే కొబ్బరి బళ్ల మీద బోర్డు వసూలు చేసే సంత ఆశీలు తగ్గిస్తానన్నాడు. అవతల తిరుపతిరావు, కొబ్బరి షావుకారు. పడిపోయిన ధరలోంచి కూడా ఇంకాస్త కోసి కొనే మనిషి. వార్డంతటికీ వేటమాంసంతో విందులు పెట్టాడు. జనం తిన్నారు, త్రేన్చారు, ఇంటికి పోతూ కూర్మారావుకే ఓటనుకున్నారు.

అయినా కూర్మారావుకు నిద్ర పట్టడం లేదు. క్రితంసారి బావ చెయ్యి తనకే లేచింది, చిత్తుగా ఓడిపోయాడు. ఆర్నెల్లు అక్క బంగారమ్మ గడప తొక్కలేదు. ఈసారి అంతకంటే చిక్కు వచ్చిపడింది. తిరుపతిరావు బళ్లు దాలయ్య తోట కంచె విరగ్గొట్టాయి. అడిగితే, కంచే దారిలోకి వచ్చిందన్నాడు షావుకారు. అలాంటివాడికి దాలయ్య చెయ్యెలా ఎత్తుతాడు? తనకే ఎత్తుతాడు. తన కొంప మునుగుతుంది.

ఊరంతా తిరిగి ఓటడిగిన కూర్మారావు, ఆఖరికి అక్కగారింటికి వచ్చి చేతులు జోడించాడు.

"బావా, నీ ఓటు నాకొద్దు. నీకు దండం పెడతాను, ఆ సెయ్యి నాకెత్తకు."

దాలయ్య తాపీగా కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. "ఇప్పుడేటి సెప్పగలన్రా? ఆ ఏలకి మొకాలు సూడాలి."

లాభం లేదని అక్కని పట్టుకున్నాడు. బంగారమ్మ తమ్ముడి కోసం ఎన్నిక పొద్దున మొగుడి చొక్కాలన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టేసింది. చొక్కా లేకుండా సభకెలా వెళ్తాడని ఆవిడ ధీమా. దాలయ్య భుజాన తువ్వాలేసుకుని వెళ్లిపోయాడు.

పాకలో అధికారి మొదట కూర్మారావు పేరు పిలిచాడు. చేతులు వరిచేనులా లేచాయి. కూర్మారావు కళ్లు మాత్రం బావనే వెతికాయి. ఆ చెయ్యి ఒళ్లోనే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

తర్వాత తిరుపతిరావు పేరు. ఒక్క చెయ్యీ లేవలేదు. విందు తిన్నవాళ్లంతా పైకప్పు చూస్తున్నారు. వెనకనుంచి ఎవడో మేకలా అరిచాడు. పాకంతా గొల్లుమంది. అధికారి ఇక ముగిద్దామని నోరు తెరిచాడు.

అప్పుడు లేచింది, చొక్కా లేని, నల్లటి, పొడుగాటి చెయ్యి.

కూర్మారావుకు పట్టరాని సంతోషం కలిగింది. షావుకారు అవస్థ చూద్దామని అటు తిరిగాడు. తలొంచుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్న తిరుపతిరావు, మెల్లగా తలెత్తి ఆ చేతిని చూశాడు. వరదలో కొట్టుకుపోయేవాడు ఒడ్డున వేరుని చూసినట్టు చూశాడు. కూర్మారావు నవ్వు సగంలో ఆగిపోయింది. క్రితంసారి తనూ ఇలాగే బొటనవేలు చూసుకున్నాడు. అప్పుడూ జనమంతా అవతలివాడికి ఎత్తి దించేశాకే ఈ చెయ్యి లేచింది. ఇది లేచినందుకు తను ఓడలేదు. తను ఓడిపోయాక, తనొక్కడే మిగిలాక లేచింది. ఆ చేతినా తను ఆర్నెల్లు తిట్టుకున్నాడు! కూర్మారావుకు సిగ్గేసింది.

సాయంత్రం డప్పులతో ఊరేగింపు అక్కగారి వీధికి వచ్చింది. అరుగు మీద దాలయ్య పక్కన తిరుపతిరావు కూర్చుని కొబ్బరి బొండం తాగుతున్నాడు. కూర్మారావు డప్పులు ఆపించి, మెడలో దండ తీసి పక్కన పెట్టి, తనూ అరుగెక్కాడు.

తిరుపతిరావు గొంతు సవరించుకుని, రేపే మనుషుల్ని పంపి కంచె కట్టిస్తానన్నాడు. తర్వాత కొంచెం బెరుకుగా అడిగాడు.

"మళ్లీ నిలబడతాను దాలయ్యా. అప్పుడూ నీ సెయ్యి నాదే గదా?"

"గెలిసేలాగుంటే నన్నడక్కు," అన్నాడు దాలయ్య.

కూర్మారావు బావ దగ్గరికి జరిగాడు.

"అయితే ఆ ఏలకి నాకుంచు బావా."

బంగారమ్మ లోపల్నుంచి వచ్చి, పెట్టె తాళంచెవి మొగుడి ఒళ్లో పడేసింది.