తొట్టెల రాగానికి పడ్డ పేరు

మా అన్న వెంకటనర్సును శోకమూర్తి అని పత్రికలో రాసిన పెద్దమనిషి ఎదురుపడితే ఇప్పటికీ వాడి దుమ్ము దులిపేస్తాను. మా అన్నంత నవ్వులాట మనిషి భువనగిరి నేతగాళ్ల వాడలో ఇంకొకడు లేడు. పగలు మగ్గం, సాయంత్రమైతే హరికథలకూ నాటకాలకూ ఫిడేలు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే పక్క మగ్గం వాళ్లను ఆటపట్టించి చంపేవాడు.

ఒక్కటే దిగులు ఆయనకు. కథకుడు మంచినీళ్లు తాగేటప్పుడు తప్ప ఫిడేలును ఎవరూ వినరు. “నా ఫిడేలు ఒక్కదాన్నే జనం కూసోని ఇనాలె చెల్లె, ఒక్కపారి” అనేవాడు.

కూతురు యాదలక్ష్మిని తొట్టెల్లో వేసిన రోజున ఒక రాగం కట్టాడు. పాట లేదు, మాట లేదు, ఒట్టి ఫిడేలే. నిదానంగా మొదలై, మధ్యలో పిల్ల గునగునా పరుగెత్తినట్టు సాగేది. బాలింత అయినా మా వదిన లేచొచ్చి గడపలో కూర్చుని వింది. “నా బిడ్డ పెండ్లిల సుత గిదే వాయిస్త, సూడుండ్రి!” అని అందరి ముందూ అన్నాడు అన్న. ఆ మాట ఆయన మరిచిపోలేదు.

ఎనభై నాలుగులో హైదరాబాదు కాసెట్ కంపెనీ ఒకటి ఆయన ఫిడేలును ఒంటరిగా రికార్డు చేసింది. తొలి రాగం ‘తొట్టెల’. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. తీరా కాసెట్ బయటికి వచ్చేసరికి మా ఖర్మ కాలింది. అంతకు కొద్ది నెలల ముందే ప్రధానమంత్రి హత్య జరిగి, రేడియోలో రోజుల తరబడి పాటలు బందయ్యాయి. ఒట్టి ఫిడేలు, ఒట్టి సారంగి. జనం చెవుల్లో అదే నాటుకుపోయింది. బస్టాండు దగ్గర కాసెట్లమ్మే మెహమూద్, అన్న మీద అభిమానంతో ‘తొట్టెల’ పెట్టగానే, పక్క హోటల్లో టీ తాగుతున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

“ఏమైంది మెహమూద్ భాయ్? మల్ల ఎవరు పోయిండ్రు?”

“ఎవ్వరు పోలే. మన నర్సన్న వాయించిండు. జర ఇనుండ్రి.”

“రేడియోల సచ్చినప్పుడు ఏసెటిదే గద గిది! బంద్ వెట్టు భాయ్, పానం గుబగుబ అంటాంది.”

మెహమూద్ పంతం కొద్దీ రోజూ పెట్టాడు. రోజూ ఎవరో ఒకరు అదే అడిగారు.

చదువుకున్నవాళ్లయినా అర్థం చేసుకుంటారనుకుంటే, ఒక వారపత్రికలో సమీక్ష వచ్చింది. పాఠాలు చెప్పి బడి నుంచి వస్తూ నేనే కొనుక్కొచ్చి అన్నకు చదివి వినిపించాను. ‘బిడ్డను పోగొట్టుకుని, ఖాళీ తొట్టెల ముందు కూలబడిన తండ్రి కన్నీరు ఈ తీగల మీద జారుతోంది. ఇటువంటి శోకమూర్తి తెలుగునాట మరొకడు లేడు’ అని రాశాడు మహానుభావుడు!

ఆ వారమే మేళ్లచెరువు నుంచి మా పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ బస్సు దిగి, వీధి మొదట్లోంచే ఏడ్చుకుంటూ వచ్చింది. పత్రికలో పడ్డదని వాళ్ల ఊళ్లో ఎవరో చెప్పారట. ఉడకబెట్టిన పల్లికాయ తింటూ యాదలక్ష్మే తలుపు తీసింది. పెద్దమ్మ కెవ్వుమని అరుగు మీద కూలబడింది. మేమంతా పడీపడీ నవ్వాం. అన్న నవ్వలేదు.

“నా బిడ్డ బతికున్నది గద చెల్లె. గా రాసినాయన నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?” అన్నాడు.

మూడేళ్లకు పట్టుబట్టి రెండో కాసెట్ చేశాడు. డోలక్ పెట్టించి, అన్నీ హుషారు రాగాలే. కొన్నవాళ్లు కాసెట్ తెచ్చి మెహమూద్ ముందు పడేశారు. “పాడెటాయన ఏడి? గొంతు పడనే లేదు గిండ్ల!” పత్రికాయన మళ్లీ కలం పట్టాడు. ‘తొలి కాసెట్‌లోని గాఢత పోయింది. కళాకారుడు సంతలో తప్పిపోయాడు’ అన్నాడు. వాని మొకం మండ! మా అన్న నవ్వితే వాడికేం నొప్పి?

కంపెనీవాళ్లకు మాత్రం తెలివి వచ్చింది. మొదటి కాసెట్‌కే అట్ట మార్చారు. దీపం బొమ్మ, దండ వేసిన ఖాళీ ఫోటో ఫ్రేము, ‘శోకనివాళి’ అని పేరు. మా అన్నను అడిగినవాడు లేడు. అది అమ్ముడుపోయింది చూడండి! మర్రిగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా, శవం లేచే ప్రతి ఇంటి ముందూ మైకులో అదే. దినాలకు స్వయంగా వచ్చి వాయించమని అన్నను పిలవడం మొదలుపెట్టారు. “నేను రాను. నా రాగం నాకు వాపస్ గావాలె” అని పంపించేసేవాడు. ఎన్నేళ్లయినా ఒక్క సావింటికీ పోలేదు.

తొంభై ఆరులో యాదలక్ష్మి పెళ్లి. తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు నడుస్తున్నాయి. అన్న కొత్త బట్టల మీదే ఫిడేలు భుజానికి ఎత్తుకుని, కూతురి ఎదురుగా కూర్చుని కమాను వేశాడు. ముఖమంతా నవ్వు. ఒక్క వరస అయిందో లేదో, బంతిలో విస్తళ్ల ముందు చేతులు ఆగిపోయాయి. పెళ్లికొడుకు పెదనాయన పోచయ్య ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు.

“ఏంది బావా గిది! లగ్గం కాంగనే సావుపాట ఎత్తుకుంటివి?”

“సావుది కాదు బావా. నా బిడ్డను తొట్టెల్ల ఏసిననాడు కట్టిన.”

“మా అవ్వ పోయిననాడు పొద్దుందాక గిదే మోగింది. మాకు ఎర్కలేదా?”

అన్న కూతురి వైపు చూశాడు. బళ్లో ‘సచ్చిన పిల్ల వచ్చింది’ అని తోటివాళ్లు ఏడిపిస్తే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన పిల్ల అది. తల ఎత్తలేదు.

“ఒద్దు బాపు. నీకు దండం పెడ్త, ఆపు.”

ఆపాడు. ఎవరో మైకులో సినిమా పాట పెట్టారు, బంతి మళ్లీ కదిలింది. నేను వెనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు అప్పగింతలు అయి, పందిరి విప్పుతుండగా వలిగొండ నుంచి స్కూటర్ మీద ఒకతను వచ్చాడు. పేరు సైదులట.

“మా నాయిన పోయిండే. కాసెట్ వెడ్తే రీలు తెగింది. జర మీరే వచ్చి వాయించాలె.”

ఎప్పటిలాగే తరిమేద్దామని నోరు తెరిచాను. ఈలోపే అన్న పసుపు మరకల చొక్కాతోనే ఫిడేలు పెట్టె పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఏడికే అన్నా? ఎన్నడన్న పోయినవా నువ్వు?”

“గాడనైతే కూసోని ఇంటరు చెల్లె” అన్నాడు. “మధ్యల ఆపుమనరు.”

స్కూటర్ వెనక ఎక్కి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎవరో ఏమిటో తెలియని ఆ చచ్చిన ముసలాయన మీద కూడా నాకు కోపం వచ్చింది.