పావురం బాగుచేసిన చెయ్యి

పొద్దున చాయ్ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారింది. ఏమైందో చెప్పబోతే మాట రాలేదు, జొల్లు కారింది. కాసేపటికి చెయ్యి లేచింది, మాటా వచ్చింది. కానీ కబురందిన మా బామ్మర్ది అప్పటికే పావురాన్ని సంచిలో వేసుకుని హుస్నాబాద్‌లో బస్సెక్కేశాడు. మా దిక్కు పక్షవాతం అంటే ముందు పావురం చావాలి, మనిషి సంగతి తర్వాత. బాగైపోయిన చేతికే దాని నెత్తురు పూసి మర్దన చేశాడు. చెయ్యి చక్కగా ఆడింది. ఇంకేం, ఘనతంతా పావురానిదే. కూర కూడా వండారు. వైద్యం చేసినవాణ్ణే వండుకు తిన్న రోగిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కరీంనగర్‌లో డాక్టర్ మెడకు స్కానింగ్ తీసి, మెదడుకు నెత్తురు మోసే ఎడమవైపు నాళం కొవ్వుతో పూడిపోయిందన్నాడు. చెయ్యి దానంతటదే వచ్చింది, ఈసారి పోతే మాట మళ్లీ రాకపోవచ్చు, తొందరగా మెడ కోసి ఆ కొవ్వు తీసెయ్యాలన్నాడు. ఇంట్లో పంచాయితీ కూర్చుంది. దుబాయ్‌లో క్రేన్ నడిపే మా తమ్ముడు వీడియో కాల్‌లోనే నా మెడ చూసి, ఏ రోగమూ లేదని తేల్చేశాడు. మంచిగున్న మనిషి మెడ కోయించుకుంటాడా అన్నాడు బామ్మర్ది. నాకూ అదే సబబనిపించింది. కత్తి కంటే పావురం నయం కదా.

నా భార్య అందరి మాటా విని, పావురం తెచ్చిన తన తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది.

"తమ్మీ, చెయ్యి నీ పావురంతోనే వచ్చింది, సరే. రేపు మీ బావకు మాట పడిపోతే ఏం కోసుకొస్తవ్?"

ఆపరేషన్ ఖాయమైంది.

మెడ ఒక్కదానికే మత్తిచ్చారు. నేను మెలకువగా ఉండాలట. పసిపిల్లలు పిసికితే కుయ్యిమనే రబ్బరు బొమ్మ ఒకటి కుడిచేతిలో పెట్టి, పిసుకుతూనే ఉండమన్నారు. చప్పుడు ఆగితే మెదడుకు నెత్తురు అందనట్టు. మనుమలున్న వయసులో ఎంత మర్యాద! కొవ్వు తీయడానికి నాళాన్ని బిగించి నెత్తురు ఆపారు. నేను పిసుకుతూనే ఉన్నాననుకున్నాను, బొమ్మ మాత్రం మూగబోయింది. ఎవరో పేరడిగారు, నోరు పెగల్లేదు. భయమేసింది, నిజంగా భయమేసింది. డాక్టర్ గబగబా సన్న గొట్టం పెట్టి నెత్తురు మళ్లించి, పని ముగించాడు.

బయటికి తెచ్చేసరికి చెయ్యి కదులుతోంది, మాట రాలేదు. మెల్లగా వస్తుంది, మాట్లాడిస్తూ ఉండండి అన్నారు. ఇన్నేళ్లూ నా నోటికి జడిసి బతికిన నా భార్య మంచం మీదికి వంగింది.

"ఏమన్న అనయ్యా. తిట్టు, జర తిట్టు."

బలమంతా కూడదీసుకుని తిట్టాను. సగం మాటే వచ్చింది, అదీ వంకరగా. ఇంకోటి తిట్టమని ఏడ్చింది.