గాజు వంతెన మీద అమ్మా నేనూ

మేముండే సూరత్‌లో మూతపడిన ఒక బట్టల మిల్లును మ్యూజియం చేశారు. ఈమధ్య దాని పక్కనే ఇనుమూ గాజూ కలిపి కొత్త భవనం కట్టారు. ఫోటోల్లో చూసి ముచ్చటపడి, ఒక ఆదివారం అమ్మను తీసుకెళ్లాను. అమ్మ ఇక్కడే బమ్రోలిలో మరమగ్గాల కార్ఖానాలో చాలా ఏళ్లు నూలు కండెలు చుట్టింది. పాత మిల్లు ఇటుక గోడలనూ, రంపపు పళ్లలాంటి కప్పునూ తల పైకెత్తి చూస్తూ తిరిగింది.

పాత మిల్లు పైఅంతస్తు నుంచి కొత్త భవనంలోకి ఒక వంతెన ఉంది. దాని నేల కూడా గాజే. కింద మగ్గాలు బొమ్మల్లా కనిపిస్తున్నాయి. అమ్మ ముందు, నేను వెనక. సగం దూరం బాగానే నడిచాను. అంతలో కింద, జనానికి చూపించడానికి ఒక మగ్గం నడిపారు. నా అరికాళ్ల కింద గాజు సన్నగా వణికింది.

కాళ్లు బిగుసుకుపోయాయి. ముందుకు పోలేను, వెనక్కి తిరగలేను. వంతెన పక్క కమ్మీ మీద చెయ్యి చెమటకు జారుతోంది. ఇప్పుడే పగులుతుంది, ఇప్పుడే.

అమ్మ తిరిగి చూసింది. "ఏందే, గట్లనే నిలవడ్డవ్?"

"అమ్మా, నాతోని గాదే. పలిగిపోతది."

నవ్వుతుందనుకున్నాను. దగ్గరికొస్తే ఆమె పెదవులూ ఆరిపోయి ఉన్నాయి. "నాగ్గూడ బుగులైతాంది బిడ్డా. నువ్వు ఎనుక ఉన్నవని నడుస్తున్న," అంది.

అమ్మకు భయం ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఆ మాటతో నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని గాజు మీదే చతికిలబడింది. "కూసో. కూసుంటే పడం. కిందికి సూడకు, నా మొఖం సూడు."

కూర్చున్నాను. ఇద్దరం చేతులు పట్టుకుని, పసిపిల్లల్లా కూర్చునే జరిగాం. అవతల నుంచి కాపలా మనిషి ఏం చేస్తున్నారంటూ హిందీలో అరిచాడు, "అరే మాసీ, క్యా కర్ రహే హో?"

"డర్ లగ్‌తా హై భయ్యా!" అని, భయమేస్తోందని అమ్మ గట్టిగా చెప్పింది, ఏ సిగ్గూ లేకుండా.

మేం దాటేదాకా అతను ఎవరినీ వంతెన ఎక్కనివ్వలేదు. తర్వాత సిబ్బంది వాడే సిమెంటు మెట్లు చూపించాడు.

కొత్త భవనంలో ఒక్క గది కూడా చూడకుండా దిగిపోయాం. ఆల్థాన్‌లో మా ఇంటి ముందు ఆటో ఆగినా, అమ్మ నా చెయ్యి వదల్లేదు.